రాచనౌక యెవరిది?

రాజులు పోయిరి, రాజుల పడకటిండ్లు నిలిచినవి. నిన్నటివఱకు వాకిట నిలుచుటకైన నర్హత లేదని మన పెద్దలను గెంటివేసిన యిండ్లకే నేడు మనము రుసుము చెల్లించి, వరుసలో నిలిచి, అడుగుల చప్పుడు కాకుండ ప్రవేశించుచున్నాము. లోపల నేమి చూతుము? ఆయన కూర్చున్న పీఠము, ఆయన తినిన పళ్లెము, ఆయన తొడిగిన అంగీ. చూచి "ఆహా" యందుము. ఈ "ఆహా" యనుటలో నేమున్నదో విచారింపవలెనని మా కోరిక. అది చరిత్రజ్ఞానమా? శిల్పసౌందర్యమునందలి యభిమానమా? లేక తాతలనాటి దాస్యము మన వెన్నెముకలో నింకను మిగిలియుండి, దొర లేకపోయినను దొర కుర్చీకి వంగుచున్నదా?

మేము మూసారాంబాగులో కాపురముండి పిల్లలకు పాఠములు చెప్పుకొనువారము. మా పేట పేరే యొక చరిత్రపాఠము. నిజాము కొలువున సేనాపతిగా నుండి 1798లో మృతినొందిన రేమండు అను ఫ్రెంచివానిని హిందువులు మూసారామనియు, ముస్లిములు మూసారహీమనియు పిలుచుకొనిరని చెప్పుదురు. ఆయన తోట మూసారాంబాగయ్యెను. ఆయన సమాధి మాకు దగ్గరలోనే గుట్టపై నున్నది. పరదేశపు సేనానిని ఇంతటి ప్రేమతో దమవానిగా జేసికొన్న జనులు మెచ్చదగినవారే. కాని ఆ తోటలో మన్ను త్రవ్విన కూలివాని పేరేమి? ఆ సమాధికి ఱాళ్లు మోసిన స్త్రీ పేరేమి? మా పేటలో నెవరిని అడిగినను చెప్పలేరు. అడుగవలెనని తోచినవారును లేరు.

ఒకతూరి పిల్లలను పురానీ హవేలీకి తీసికొనిపోతిమి. అచ్చట 2000 సంవత్సరమున నిజాము వస్తుప్రదర్శనశాల తెఱవబడినది. ఏడవ నిజాము రజతోత్సవమునకు 1937లో వచ్చిన వెండి బంగారు కానుక లందు గలవు. అంతకంటె పిల్లల మనస్సు నాకర్షించినది ఆఱవ నిజాము మహబూబు అలీఖాను బట్టల బీరువా. బీరువా యన్నచో మన యింటిలో గోడకు జేరవేసిన దానివంటిది కాదు. ఒక పొడవైన శాల నిండ, రెండంతస్తులుగా, కొయ్యతో కట్టినది. ఆయన ఒకసారి తొడిగిన దుస్తు మరల తొడుగలేదని లోకులు చెప్పుకొందురు. అందే మనుష్యులు చేతులతో నడపు లిఫ్టొకటి కలదు. పిల్లలందఱు అంగీలు లెక్కపెట్టుచుండగా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఆ లిఫ్టువద్ద నిలిచి, "సార్, దీన్ని గుంజెటోళ్లు ఎవరుండిరి?" అని యడిగెను. మాయొద్ద సమాధానము లేదు. ఆ వ్యాసశాలలో మేము విన్న ప్రశ్నలన్నిటిలో నిది యొక్కటియే చరిత్రకు సంబంధించిన ప్రశ్న. తక్కినవన్నియు వెలలను గూర్చిన ప్రశ్నలు.

ఈ విచారమునకు మేడకంటె ఓడ మంచి యుదాహరణము. మేడలో సేవకులు లేకపోయినచో దుమ్ము పేరుకొనును, అంతే. ఓడలో నావికులు లేకపోయినచో రాజు మునుగును. గట్టుపై రాజును నౌకరును వేఱుచేయు గోడలెన్ని యున్నను, నీటిపై వారిద్దఱి ప్రాణములును ఒకే పలకపై నున్నవి. అయినను ఓడలో సయితము హెచ్చుతగ్గు లేర్పఱచుట మానవుడు మానలేదు. భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువను సంస్కృతగ్రంథమున ఓడలు గదులనుబట్టి మూడు తెఱగులుగా విభజింపబడినవి. కొననుండి కొనవఱకు గదులున్నది సర్వమందిర. అది రాజుగారి ధనమును, గుఱ్ఱములను, అంతఃపురస్త్రీలను చేరవేయుటకు. నడుమ గది యున్నది మధ్యమందిర. అది రాజుగారి విలాసయాత్రకు. ముందుభాగమున గది యున్నది అగ్రమందిర. అది దూరప్రయాణములకును, యుద్ధమునకును. గది యెచ్చట నుండవలెనో శాస్త్రము చెప్పినది. తెడ్డు వేయువాడు రాత్రి యెచ్చట పరుండవలెనో మేమెఱిగినంతలో నా విభాగమున చోటు లేదు.

రాజులందఱు నొక్కటియే యనుట న్యాయము కాదు. మన కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనమును ప్రతి తెలుగువాడు నెఱిగియుండవలెను. గాలివానకు చిక్కి గట్టునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు బలాత్కారముగా గైకొనుచుండిరి. సముద్రము విడిచిపెట్టిన దానిని రాజు దోచెడివాడన్నమాట. గణపతిదేవుడు ఆ యాచారమును మానిపించి, నియమిత సుంకము మాత్రము తీసికొని తక్కినది వర్తకునకే విడిచెను. ప్రాణముకంటె నెక్కుడుగా జూచుకొను ధనమును పోగొట్టుకొన్నవానిపై దయచూపుట రాజధర్మమని యెంచెను. ఆ రాజు ఎక్కిన యోడ యొక్కటియు మనకు మిగులలేదు. ఒక ఱాయి మిగిలినది. మాకు ఓడకంటె ఱాయియే విలువైనదిగా దోచుచున్నది.

ఓడలే మిగిలిన దేశము లున్నవి. ఇంగ్లాండు రాణి ఎలిజబెత్తునకై 1953లో జలప్రవేశము చేసిన బ్రిటానియా యను రాచనౌక నలువదినాలుగేండ్లు సముద్రములు తిరిగి, 1997 డిసెంబరులో విశ్రమించి, మఱుసటి యేటినుండి స్కాట్లాండులో ఎడింబరో రేవైన లీత్‌లో ప్రదర్శనశాలగా నున్నది. అందలి గడియారములను రాణి చివరిసారి నౌక దిగిన వేళకు, మూడుగంటల యొక నిమిషమునకు, ఆపియుంచినారు. భోజనశాలను, రాణి శయ్యను చూడ జనులు తీర్థమునకు బోయినట్లు పోవుచున్నారు. మా దృష్టి నాకర్షించిన సంగతి వేఱు. ఆ నౌకపై నావికులు కేకలువేసి యాజ్ఞలిచ్చుట నిషిద్ధము; చేతి సంజ్ఞలతోడనే పనులు జరుగవలెను. అడుగుల సవ్వడి వినబడకుండ మెత్తని యడుగులుగల జోళ్లు తొడుగవలెను. రాజకుటుంబపు గదుల సమీపమున పనులు ఉదయము ఎనిమిదిగంటలకు ముందే ముగియవలెను. ఇన్నూరుమందికి పైబడి మనుష్యులు పనిచేయుచుండగా ఎవరును పనిచేయుట లేదనిపించుటయే ఆ నౌకయొక్క మర్యాద! శ్రమను దాచుట రాచఱికపు నాగరికతలో నింతటి శాస్త్రమైనది.

అయితే ఒక న్యాయమును దాచరాదు. 1986 జనవరిలో ఆడెన్‌లో అంతర్యుద్ధము చెలరేగినపుడు దగ్గరలో నున్న ఈ విలాసనౌకయే రేవునకు బోయి, పలుదేశములవారిని వేయిమందికి పైగా గట్టెక్కించినది. ఆ దినములలో రాణిగారి తివాచీలపై శరణార్థులు పరుండిరి. మమ్ము అడిగినచో ఆ గడియారములను మూడుగంటల యొక నిమిషమున గాక, మొదటి శరణార్థి మెట్లెక్కిన నిమిషమున ఆపియుండవలసినది.

స్వీడను దేశపు వాసానౌక కథ ఇంతకంటె లోతైనది. గుస్తావు అడాల్ఫు రాజు పోలెండుతో యుద్ధము చేయుచు, కొలతలను తానే యంగీకరించి, అఱువదినాలుగు ఫిరంగులతో కట్టించిన యుద్ధనౌక యది. చెక్కడపు బొమ్మలతో, రంగులతో కన్నులు చెదరగొట్టునది. 1628 ఆగస్టు 10వ తేదీన స్టాక్‌హోము రేవునుండి బయలుదేఱి, మైలు దూరమైన పోకముందే గాలి తాకిడికి ఒరిగి మునిగెను. సుమారు ముప్పదిమంది మృతులైరి. ఈ యాపద ఎవరికిని తెలియనిది కాదు. బయలుదేఱుటకు ముందే నౌకాధికారి ముప్పదిమంది నావికులను ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పరుగెత్తించి చూడగా ఓడ ప్రమాదకరముగా నూగెను. మూడు పరుగులకే పరీక్ష నాపివేసిరి. ఆపినవారు అజ్ఞానులా? కారు. రాజు తొందరపడుచున్నాడు, రాజునకు "వలదు" అని చెప్పువాడెవడు? పిమ్మట విచారణ జరిగినది. తప్పు ఎవరిదని తరచుకొనుచు పోగా కొలతలను ఆమోదించిన రాజుగారివద్దకే అది చేఱుచుండెను. ఎవరికిని శిక్ష పడలేదు.

మూడువందల ముప్పదిమూడేండ్లు బురదలో నుండి 1961లో ఆ నౌక పైకి వచ్చినది. 1990 నుండి గొప్ప శాలలో నిలిచియున్నది. ఆ శాలవారిని మేము మెచ్చుకొనుట కిదియే కారణము: వారు బంగారుపూత చూపుటతో తృప్తిపడలేదు. నీటిలో దొరికిన యస్థిపంజరములను పరీక్షించి, ఈయనకు పండ్లు చెడియుండెను, ఈయన యెముక చిన్ననాట విఱిగి యతికినది, అని చెప్పుచు, పేర్లు తెలియనివారికి పేర్లు పెట్టి, ముఖములు నిర్మించి చూపుచున్నారు. చిరకాలము పురుషుడని తలచిన యొక యస్థిపంజరము స్త్రీదని 2023లో తేలినది. రాజు తప్పిదమును, పరీక్షనాపిన భయమును, మునిగినవారి దంతములను ఒకేచోట చూచి వచ్చినవాడు "ఆహా" యని యూరకుండలేడు. తన కచ్చేరిలో, తన పాఠశాలలో ఎన్ని పరీక్షలు మూడుపరుగులకే ఆగిపోవుచున్నవో యోచించుకొనును.

ఇక మనదేశమునకు వత్తము. మన తెలుగుతీరమున రాచనౌకా ప్రదర్శనశాల లేదు; ప్రజానౌక గలదు. విశాఖపట్టణమున రామకృష్ణా బీచిలో, ఇసుకపై, కుర్సురా యను జలాంతర్గామి నిలిచియున్నది. సోవియట్టు దేశమున నిర్మింపబడి, 1969 డిసెంబరు 18వ తేదీన మన నౌకాదళమున జేఱి, 1971 యుద్ధమున బాల్గొని, 2001లో పనినుండి విరమించినది. పిమ్మట దానిని సముద్రమునుండి గట్టునకు లాగి, 2002 ఆగస్టులో జనులకు తెఱచిరి. పొడవు సుమారు తొంబది గజములకు పైమాటే. లోపలి వెడల్పు మాత్రము మా తరగతిగదిలో సగము లేదు. క్రిందటి చలికాలమున మేము పదునేడుగురు పిల్లలతో గోదావరీ ఎక్స్‌ప్రెస్సెక్కి, దానిని చూచుటకు పోతిమి.

చూపఱుల సౌకర్యమునకై ఓడ ప్రక్కను కోసి ద్వారము పెట్టినారు; ముందువైపు నెక్కి వెనుకవైపు దిగవచ్చును. నావికులకా ద్వారము లేదు. వారు పైనుండి నిలువు నిచ్చెనపై గుండ్రని రంధ్రముగుండ దిగెడివారు. ఒక యఱనుండి మఱియొక యఱకు పోవుటకును గుండ్రని కంతలే. తల వంచి, కాలు ముందు వేసి దూరవలెను. రాణివాసపు నౌకలో తలలు వంచుట మర్యాదకొఱకు. ఇచ్చట తల పగులకుండుటకొఱకు. లోపల గొట్టములు, చక్రములు, గడియారపు ముఖములు. వీనినడుమ మనుష్యుడు మిగిలిన చోటులో ఇమిడికొనియున్నాడు. సుమారు డెబ్బదియైదుగురు అందులో నుండెడివారు. అందఱికి పడకలు లేవు. ఒకడు పనికి లేచినచో వాని వెచ్చదనము ఆఱకముందే పని దిగినవాడు ఆ పడకపై వాలవలెను. మంచినీరు త్రాగుటకే గాని స్నానమునకు లేదు. నౌకాదళమున పనిచేసి విరమించిన వృద్ధులే అచ్చట మార్గదర్శకులు. వారిలో నొకరు మా పిల్లలకు పడకను చూపుచు, "సెలవుకు ఇంటికి పోతే, డీజిలు వాసనకు మా పాప నా దగ్గరకు వచ్చేది కాదమ్మా" అనిరి. పిల్లలు నవ్విరి. ఆయనయు నవ్వెను. పురానీ హవేలీలో లిఫ్టు సంగతి యడిగిన బాలిక మాత్రము నవ్వక, "పాపకు ఎన్నేండ్లప్పుడు అలవాటైంది తాతా?" అని యడిగెను. ఆయన కొంచెముసేపు లెక్కించి, వేఱుమాటకు దిగెను.

ఇంతలో వెనుకనున్న జనము మమ్ము త్రోయుచుండెను. తఱుచు వచ్చువారికి ఆ నౌకలో పట్టు సమయము పావుగంట. అందు సగము ఛాయాపటములకు సరిపోవును. టార్పిడో గొట్టము ముందు నిలిచి పండ్లిగిలించి పటము దీయించుకొని, పడకలప్రక్కనుండి పరుగెత్తి, బయట మొక్కజొన్నకండె కొనుక్కొందురు. మొక్కజొన్నకండె మేమును కొంటిమి; దానిపై మాకు కోపము లేదు. కాని యోచింపుడు. రాజు పోయి ప్రజ రాజైనది. ఈ నౌక ఇప్పుడు మనది. అనగా రాచనౌకయే, రాజు మనము. అయినచో రాజుగారి జాడ్యమును మనకు సంక్రమించినదా యేమి? సేవ జరుగవలెను, సేవకుని చప్పుడు వినబడరాదు అను పాతమర్యాదనే మనము గొప్ప జయఘోషలతో పాటించుచున్నాము.

ఈ ప్రసంగము వచ్చినపుడు మా పాఠశాలలోని మిత్రులిద్దఱు రెండువైపుల నిలిచిరి. ఒకరు వయసుమళ్లినవారు: "చరిత్రయనగా ఏలినవారి చరిత్రయే, పడకలు తుడిచినవారి లెక్కలు ఎవరికి గావలెను?" అనిరి. ఇంకొకరు యువకులు: "అన్నము లేని దేశమున చచ్చిన యోడలకు రంగులు వేయుట పాపము, మేడలను పాఠశాలలు చేసి, ఓడలను కరిగించి నాగళ్లు చేయుడు" అనిరి. మొదటివారికి వాసా యస్థిపంజరములే సమాధానము. రెండవవారి మాట యంత సులభముగా త్రోసివేయరానిది. ఏలయనగా మనదేశమున అది జరిగియే యున్నది.

ఆంగ్లేయ రాజనౌకాదళమున హెర్మీసను పేరుతో 1959లో జేఱి, 1982 ఫాక్‌లాండు యుద్ధమున ముందునిలిచి, 1987లో విరాట్ అను పేర మనదైన విమానవాహకనౌకను ఎఱుగనివారు లేరు. 2017 మార్చిలో అది విరమించినది. దానిని విశాఖయందో, వేఱొకచోటనో ప్రదర్శనశాలగా నుంచవలెనని ఆలోచనలు సాగినవి. వ్యయమునకు వెఱచి ఒక్కటియు కొనసాగలేదు. 2020 సెప్టెంబరులో గుజరాతులోని అలంగు తీరమునకు తునకలగుటకై చేఱినది. సుప్రీముకోర్టుదాక వ్యాజ్యము నడచినను నిలువలేదు. దానికి ముందు విక్రాంతునకు నిదేగతి. బొంబాయిలో కొన్నియేండ్లు ప్రదర్శనశాలగా నుండి, 2014లో విఱుగగొట్టబడినది. దాని యుక్కులో గొంత మోటారుసైకిళ్లలో జేరినదని 2016లో ప్రకటనలు చదివితిమి. నాగలి కాకపోయినను, మా యువమిత్రునికి సగము తృప్తి కలుగవలెను!

ఓడను విఱుగగొట్టుట పాపమని మేమనము. ఇనుమునకు మోక్షము కరగుటయే. మేము ఆక్షేపించునది వేఱు. విరాట్ తునకలగుచున్నదని పత్రికలలో కన్నీరు కార్చినవారు పదివేలమంది. ఆ తునకలు చేయువాడు ఎవడు? బీహారునుండియో, ఒడిశానుండియో, ఉత్తరప్రదేశమునుండియో వచ్చి, ఆటుపోటుల బురదలో, మంటగాలితో ఉక్కు పలకలను కోయువాడు. పలక జాఱిపడి, వాయువు మండి, ఎత్తునుండి పడి ఆ తీరమున ప్రాణములు గోల్పోయినవారున్నారు. ఓడ మరణించుచున్నదని యేడ్చినవారిలో వానిని దలచినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. యుద్ధనౌకకు దేశభక్తి గలదు, కూలివానికి కూలి గలదు, అని మనము పంచిపెట్టితిమి.

కావున మా యువమిత్రునకు మేము చెప్పిన దిది. ఉంచుడని గాని, కరిగింపుడని గాని మాకు పట్టుదల లేదు. ఉంచినచో నిజము చెప్పుటకు ఉంచవలెను. కుర్సురాలో ప్రతి యంత్రమునకు పేరు గలదు. ప్రతి పడకకు గూడ పేరుండవలెను. ఎవడు పరుండెను, ఏ యూరివాడు, ఎన్నిదినములు సూర్యుని చూడలేదు, ఇంటికి వ్రాసిన యుత్తరములో నేమి వ్రాసెను? ఇవి చెప్పగల వృద్ధులు నేడు ఆ నౌకలోనే తిరుగుచున్నారు. ఇంకొక యిరువదియేండ్లకు తిరుగరు. వారి మాటలు పట్టి వ్రాసి యుంచుటకు కోట్లు అక్కఱలేదు. కాగితము, కలము, ఓపిక చాలును. అట్లు చేయలేనిచో ఉక్కును నిలుపుకొని మనుష్యుని గంగపాలు చేసినట్లే.

కుర్సురానుండి దిగి మేము ఇసుకలో కూర్చుంటిమి. ఎదుట సముద్రము. ఆ నీటిలోనే, విశాఖకు చేరువలో, 1971 డిసెంబరు 3-4 తేదీల నడిరేయి పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ మునిగినది. మన నౌక ప్రయోగించిన ప్రేలుడుపదార్థములచే మునిగినదని మనవారు, లోపలి ప్రేలుడుచే మునిగినదని వారు చెప్పుదురు. తొంబదిముగ్గురు మృతులైరి, ఒక్కడును మిగులలేదు. అందును గుండ్రని కంతలే. అందును పడకలు చాలవు. అందును డీజిలు వాసన. 2024లో మన నౌకాదళము దాని శకలమును గుర్తించి, మృతులయెడ గౌరవముచే ముట్టక విడిచినదని పత్రికలు వ్రాసినవి. ఈ కథ విని పిల్లలలో నొకడు, "వాసా లెక్క పైకి తీసి చూపిస్తే మంచిగుంటది గద సార్" అనెను.

వానిని కసరుటకు మాకు నోరురాలేదు. వాని ప్రశ్నలో న్యాయమున్నది. వాసాలోని మృతుల యెముకలను అద్దములలో నుంచుట జ్ఞానమైనపుడు, ఘాజీలోనివారిని తాకుట అపచారమెట్లగును? సమాధి ఎన్నియేండ్లకు ప్రదర్శనశాల యగును? మా గుట్టమీది రేమండు సమాధివద్ద ఇప్పుడు పిల్లలు గాలిపటము లెగురవేయుదురు. ఎవరికిని నొప్పి లేదు, రెండువందల యేండ్లు గడచినవి. వాసా మృతులకై యేడ్చువారు లేరు. ఘాజీలో పోయినవాని కూతురునకు నేడు అఱువదియేండ్లుండవచ్చును; తండ్రి డీజిలు వాసన ఆమెకు జ్ఞాపకముండవచ్చును. ఆమె బ్రదికియున్నంతవఱకు ఆ నౌకపై దీపము వేసి జనులకు చూపరాదని మేము పిల్లవానికి చెప్పితిమి. "ఆమె పోయినంక?" అని వాడడిగెను. అప్పుడు ఆమె పిల్లల నడుగవలెనని మా బాలిక మాకంటె ముందే వానికి బదులు చెప్పెను.